చల్లని నీటిలో మెగ్నీషియం

అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పదకొండేళ్లుగా జనరల్ సైన్స్ చెబుతున్నాను. ప్రభుత్వోద్యోగాల పరీక్షలకు తయారయ్యేవాళ్లకు సైన్స్ అంటే నలభై రోజుల కోర్సు. అందులో లోహాలకు ఒక పూట. ఆ పూటలో మెగ్నీషియం వాటా పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల్లోనే అది ఆమ్లాలతో ఏం చేస్తుందో, నీటితో ఏం చేస్తుందో, లవణాల ద్రావణంలో వేస్తే ఏమవుతుందో అంతా చెప్పేసి, మధ్యలో ఒక చమత్కారం కూడా విసిరేవాడిని.

ఆ చమత్కారం ఇది. నత్రికామ్లం బాగా పలచగా ఉన్నప్పుడు దాని నుంచి హైడ్రోజన్‌ను బయటికి తెచ్చే లోహాలు రెండే: మెగ్నీషియం, మాంగనీస్. వాటి మొదటి అక్షరాలు కలిపి "మమ" అని గుర్తుపెట్టుకోమనేవాడిని. క్లాసు నవ్వేది, రాసుకునేది. నేను కూడా పదకొండేళ్లు మమ అనిపించానన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఎందుకంటే నేను మెగ్నీషియం ముక్కను ఆమ్లంలో వేసినవాడిని కాను. ఆ మాటకొస్తే మెగ్నీషియాన్ని చూసినవాడినే కాను. మా డిగ్రీ కాలేజీలో ల్యాబ్ ఉండేది, దానికి మంచి తాళం కూడా ఉండేది. సీనియర్ రికార్డు చూసి మేము రికార్డులు రాశాం. ఆ సీనియర్ తన సీనియర్ది చూసి రాశాడు. "బుడగలు వెలువడుటను గమనించితిని" అని నా చేత్తో ఎన్ని పేజీల్లో రాశానో లెక్కలేదు. నిజానికి నేను గమనించింది సీనియర్ గారి చేతిరాతని. పీజీలో కూడా పెద్ద తేడా లేదు, అక్కడ బల్లలు కొంచెం ఎత్తుగా ఉండేవి. ఆ చదువుతోనే నేను చిక్కడపల్లిలో కిరాయికి ఇల్లు తీసుకున్నాను, పెళ్లి చేసుకున్నాను, అశోక్ నగర్‌లో సైన్స్ సార్ అయ్యాను.

వారానికోసారి మా సెంటర్లో మాక్ టెస్ట్ ఉంటుంది. ఒక వారం నేనే ఒక ప్రశ్న ఇచ్చాను: కింది లోహాల్లో చల్లని నీటితో చర్య జరపనిది ఏది? సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం. కీలో జవాబు మెగ్నీషియం. పదకొండేళ్లుగా అదే జవాబు, ఒక్కసారీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఈసారి మాత్రం మూడో వరసలో కిటికీ పక్కన కూర్చునే ఒకామె లేచింది. ముప్పై ఏళ్లుంటాయి. మహబూబ్‌నగర్ జిల్లా ఊరు. అమ్మానాన్నలు బిల్డింగ్ పనుల కోసం వచ్చి ఇక్కడే ఒక బస్తీలో ఉంటున్నారు. తను ఇక్కడ హాస్టల్లో ఉంటూ నాలుగేళ్లుగా పరీక్షలు రాస్తోంది. క్లాసులో నోరు విప్పే మనిషి కాదు.

"సార్, మెగ్నీషియం చల్లటి నీళ్లతోని చర్య జరపదని కీల ఇచ్చిన్రు. ఇంకో బుక్కుల మెల్లగ జరుపుతది అని ఉంది. ఏది నిజం సార్?"

"మీరు మన కీ ప్రకారం వెళ్లండి. పరీక్షకి అది చాలు."

"పరీక్ష సంగతి కాదు సార్. అసలుకు ఏమైతది?"

"ఏమీ కాదు."

"మీరు చూసిన్రా సార్?"

నూట ఎనభై మంది నా వైపు చూస్తున్నారు. "చూశాను" అన్నాను.

ఆమె కూర్చుంది. నా మాట నమ్మి కూర్చుంది. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. పోట్లాడి ఉంటే నేను గెలిచేవాడిని.

సాయంత్రానికి విషయం టీ బండి దగ్గరికి చేరింది. అశోక్ నగర్‌లో ఒక్క మార్కు అంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. ఒక్క మార్కుతో ఎమ్మార్వో ఆఫీసులో కుర్చీ పోయినవాళ్లు, అదే మార్కు గురించి ఆరేళ్లుగా మాట్లాడుతున్నవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. అందుకే మర్నాటికల్లా రెండు వర్గాలు ఏర్పడ్డాయి: జరుపుతుంది అనేవాళ్లు, జరపదు అనేవాళ్లు. రూమ్మేట్లు మాట్లాడుకోవడం మానేశారు. చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని పుస్తకాలు తిరగేశారు. ఒకతను తొమ్మిది పుస్తకాల నుంచి పేజీలు జిరాక్స్ తీయించి, దారంతో కుట్టి, అర్జీతో పాటు తెచ్చి ఇచ్చాడు. అయిదు పుస్తకాలు చర్య జరపదన్నాయి, నాలుగు నెమ్మదిగా జరుపుతుందన్నాయి. మెజారిటీ ప్రకారం తీర్పు చెప్పమని అతని విన్నపం.

అంత మందిలో మెగ్నీషియం ముక్క ఒకటి తెచ్చి నీళ్లలో వేద్దామని ఎవరికీ తోచలేదు. వాళ్లను అనడం దేనికి, నాకే తోచలేదు.

మా సెంటర్ యజమానిని అందరూ డైరెక్టర్ సార్ అంటారు. ఆయన ఒకప్పుడు గ్రూప్స్ రాసి రాసి వయసు దాటిపోయి, చివరికి ఈ సెంటర్ పెట్టారు. ఏం చదివితే ఉద్యోగం రాదో తనకు తెలిసినంతగా ఈ వీధిలో ఎవరికీ తెలియదని ఆయనే గర్వంగా చెబుతారు. నేను జిరాక్స్ కట్ట తీసుకుని ఆయన గదికి వెళ్లాను.

"కీ తప్పు అని ఒప్పుకుంటే రేపు ఇంకో ప్రశ్న పట్టుకొస్తరు సార్" అన్నారాయన. "నీళ్లల్ల ఏమైతే మనకేంది. కీల ఏమున్నదో గదే సైన్స్."

"ఒకసారి చేసి చూస్తే పోతుంది కదా సార్."

"చేస్తే ఏమైతది? ఇంకో రకం వస్తే ఏం జేస్తరు? పరేషాన్ గాకండి. వీకెండ్ దాంక సప్పుడు జేయకుంటే అందరు మర్చిపోతరు."

అనుభవం ఉన్న మనిషి. ఆయన చెప్పింది నిజమే, చాలామంది మర్చిపోయారు. నేను మర్చిపోలేకపోయాను. క్లాసులోకి వెళ్లినప్పుడల్లా కిటికీ పక్కన ఆమె కనిపించేది. "చూశాను" అన్న మాట గుర్తొచ్చి బోర్డు వైపు తిరిగేవాడిని. ఆ వారం నేను బోర్డు మీద రాసినంత మరెప్పుడూ రాయలేదు.

శనివారం మధ్యాహ్నం కోఠికి వెళ్లాను. సుల్తాన్ బజార్ రద్దీ దాటాక ఒక సందులో ల్యాబ్ సామాన్లు అమ్మే పాత దుకాణం ఉంది. మెగ్నీషియం రిబ్బన్ కావాలన్నాను.

"ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు సార్?" అని అడిగాడు దుకాణదారు.

"ఇన్‌స్పెక్షన్ కాదు. నాకే."

"మీకేనా? ఏం జేస్తరు?"

"నీళ్లలో వేసి చూస్తాను."

ఆయన కళ్లజోడు తీసి నన్ను పరిశీలనగా చూశాడు. తరవాత పై అరలోంచి చిన్న డబ్బా తీసి తుడిచాడు. "కాలేజోళ్లు ఇన్‌స్పెక్షనుకు తీస్కపోయి, అయినాక వాపస్ దెస్తరు సార్. ఈ డబ్బ మూడు కాలేజీలు తిరిగొచ్చింది. సీల్ గూడ తియ్యలే."

నాకంటే ఎక్కువ కాలేజీలు చూసిన ఆ డబ్బాను, దానితో పాటు ఫినాఫ్తలీన్ సీసా, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్త మైలుతుత్తం, లిట్మస్ కాగితాలు, నాలుగు పరీక్ష నాళికలు తీసుకుని ఇంటికొచ్చాను. దారిలో నారాయణగూడలో బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక క్యాన్ కొన్నాను.

మా ఆవిడ నారాయణగూడలోనే ఒక బీమా ఆఫీసులో పనిచేస్తుంది. ఆ రోజు సెలవు. వంటింటి గట్టు మీద గాజు గ్లాసులో ఆ క్యాన్ నీళ్లు పోసి, రిబ్బన్ ముక్క తుంచి అందులో వేసి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను. అదే నా జీవితంలో మొదటి మెగ్నీషియం. బూడిద రంగులో, పాత చెవి పోగు తీగలా ఉంది. గంట గడిచింది. ఏమీ కాలేదు. సంతోషం వేసింది. కీ గెలిచింది, నా అబద్ధం కూడా దానంతటదే నిజమైపోయింది.

మా ఆవిడ వచ్చి గ్లాసులోకి తొంగి చూసింది. "దాని పైన ఏదో మష్టు పట్టినట్టుందండీ. తోమి వేశారా?"

"తోమడమేమిటి?"

"మూడు కాలేజీలు తిరిగిందంటున్నారు. పండక్కి ఇత్తడి కుంది తీస్తే తోమకుండా దీపం పెడతామా?"

ఆమె చదివింది కామర్స్. గరుకు కాగితం తెచ్చి రిబ్బన్‌ను రుద్దాను. బూడిద రంగు పోయి వెండిలా మెరిసింది. గాలి తగిలి పైన ఆక్సైడ్ పొర కట్టి ఉంటుందని, దాన్ని తీసేయాలని నేనే ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. రెండు మార్కుల ప్రశ్న అది. నా చేతిలో ఉన్న ముక్కకు కూడా అది వర్తిస్తుందని నాకు వెలగలేదు.

కొత్త నీళ్లు పోసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ కలిపి, మెరిసే ముక్క వేశాను. ఆ మందు క్షారం తగిలితే గులాబీ రంగులోకి మారుతుంది. నీటితో చర్య జరిగితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పుట్టాలి, అది క్షారం. కాసేపు ఏమీ లేదు. పావుగంటకు రిబ్బన్ చుట్టూ సన్నగా, పొగలాగా గులాబీ రంగు కనిపించింది. దాని ఒంటికి సూది మొనంత బుడగలు రెండు మూడు అంటుకున్నాయి. చల్లని నీరే. మంట లేదు, వేడి లేదు. తీరిగ్గా, ఎవరి అనుమతీ అడగకుండా చర్య జరుగుతోంది.

నేను క్యాలెండర్ కాగితం వెనక సమీకరణం రాసి మా ఆవిడకు వివరించాను. ఆమె చివరి పదం దగ్గర ఆగింది.

"మెగ్నీషియం హైడ్రాక్సైడా? ఈ పేరు మీ గ్యాస్ మందు సీసా మీద ఉందండీ."

సీసా తెచ్చి చూపించింది. ఉంది. అశోక్ నగర్ మిరపకాయ బజ్జీలు తిని, అన్నం తిన్నాక రెండు చెంచాలు తాగడం నాకు ఎన్నో ఏళ్ల అలవాటు. కడుపులో ఆమ్లాన్ని చల్లార్చేది ఇదే. చల్లని నీటితో పుట్టదని నేను బోర్డు మీద కొట్టేస్తున్న పదార్థాన్నే ఇంటికొచ్చి తాగుతున్నాను. మా ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

సోమవారం పొద్దున్నే డైరెక్టర్ సార్‌కి సంగతి చెప్పి, క్లాసులో చేసి చూపిస్తానన్నాను. ఆయన ముందు ముఖం చిట్లించారు. తరవాత ఏదో ఆలోచన వచ్చి కుర్చీలో ముందుకు జరిగారు.

"ఇందుల మంట వచ్చేది ఏమన్న ఉన్నదా సార్?"

"గాలిలో కాలిస్తే తెల్లటి వెలుగు వస్తుంది."

"గది పెట్టండి. రీల్ తీద్దాం."

మర్నాటికి గేటు మీద కొత్త బ్యానర్ కట్టారు: ప్రత్యక్ష ప్రయోగాలతో బోధన, నగరంలో తొలిసారి. పక్కన నా ఫొటో. ఎప్పుడో ఎవరిదో పెళ్లిలో తీసిన ఫొటో అది, చేతిలో ఉన్న తాంబూలం చెరిపేసి గాజు నాళిక అతికించారు.

క్లాసు మొదలుపెట్టే ముందు అసలు మాట చెప్పాను. "పోయిన వారం చూశారా అని అడిగితే చూశానన్నాను. అప్పటికి చూడలేదు. మొన్న శనివారమే చూశాను." వెనక ఒకతను పక్కవాడిని "నోట్స్ రాస్కోవాల్నా?" అని అడగడం నాకు వినిపించింది.

బల్ల మీద చేస్తుంటే పైన ఫోన్ బిగించి తెర మీద చూపించారు. చల్లని నీటిలో గులాబీ రంగు నెమ్మదిగా వచ్చింది. జరుపుతుంది వర్గం చప్పట్లు కొట్టింది. జరపదు వర్గం నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో చూస్తామని వచ్చి గ్లాసు ముట్టుకుని చూసింది. వేడి నీటిలో వేసిన ముక్క నుంచి బుడగలు గబగబా లేచాయి. పలచని ఆమ్లంలో వేస్తే బుసబుసమని పొంగి, నాళిక చేతికి వెచ్చగా తగిలింది. మూతి దగ్గర అగ్గిపుల్ల పెడితే టప్ మని చిన్న చప్పుడు. హైడ్రోజన్. ఇన్నేళ్లు ఆ చప్పుడును నేను సుద్దముక్కతో బోర్డు మీద టప్ మని కొట్టి చూపించేవాడిని.

డైరెక్టర్ సార్ అడిగిన మంట కూడా పెట్టాను, ఎవరూ సూటిగా చూడొద్దని చెప్పి. ఆ వెలుగును ఫోన్ తట్టుకోలేకపోయింది. ఆ తరవాత విడుదలైన రీల్ అంతా తెల్లటి తెర, వెనక నుంచి డైరెక్టర్ సార్ గొంతు: "గిదే మన సెంటర్ రిజల్ట్." దాన్ని చాలామంది చూశారట. ఏం చూశారో తెలియదు.

చివరగా మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, కలిపిన నీళ్లలో రిబ్బన్ వేశాను. మెగ్నీషియం రాగిని వెళ్లగొట్టి దాని చోట తను కూర్చుంటుంది. అలాగే జరిగింది. నీలి రంగు పలచబడింది, రిబ్బన్ మీద మట్టి రంగు రాగి పేరుకుంది. చెప్పాల్సింది అయిపోయిందనుకుని చేతులు తుడుచుకుంటున్నాను.

కిటికీ పక్కన ఆమె లేచింది. "సార్, దీంట్ల గూడ బుడగలు వస్తున్నయి. బుక్కుల రాగి ఒక్కటే వస్తదని ఉంది. ఈ బుడగలు ఎక్కడియి సార్?"

తెర వైపు చూశాను. నిజమే, బుడగలు. ఏ పుస్తకంలోనూ, మా సీనియర్ రికార్డులో కూడా లేని బుడగలు.

"తెలియదు" అన్నాను.

ఈ మాట ఆ హాల్లో అంతకుముందు ఎవరూ అని ఉండరు. ముందు వరసలో ఒకతను పెన్ను పట్టుకునే ఉన్నాడు. "సార్, గది ఆప్షన్ డీ నా?" అని అడిగాడు. అతను వేళాకోళమాడలేదు.

తరవాత డైరెక్టర్ సార్ నన్ను గదిలోకి పిలిచారు. "మీరు ఏమన్న చేయండి సార్. తెల్వదు అనే మాట మాత్రం ఈ బిల్డింగుల అనొద్దు. జనాల భరోసా పోతది."

రెండు రోజులు నేను పుస్తకాలు వెతికాను. పీజీ పుస్తకాలు అటక మీద నుంచి దింపాను. మూడో రోజు క్లాసయ్యాక ఆమె బల్ల దగ్గరికి వచ్చి ఒక లిట్మస్ కాగితం ముక్క పెట్టింది.

"ఆ రోజు మిగిలిన మైలుతుత్తం నీళ్లు జరంత సీసాల తీస్కపోయిన సార్, ఒక లిట్మస్ కాయిదం గూడ. మెగ్నీషియం వెయ్యకుంటనే ముంచిన. నీలిది ఎర్రగైంది. అంటే ఆ నీళ్లల్లనే ఆమ్లం గుణం ఉన్నట్టు గదా?"

అంతే. మైలుతుత్తం నీటిలో కరిగినప్పుడు ఆ ద్రావణానికి కొద్దిగా ఆమ్ల స్వభావం వస్తుంది. రిబ్బన్ ఒక పక్క రాగిని వెళ్లగొడుతూ, ఇంకో పక్క ఆ ఆమ్లంతోనూ చర్య జరుపుతోంది. నేను రెండు రోజులు కాగితాల్లో వెతికిన జవాబును ఆమె ఒక కాగితం ముక్క ముంచి తెచ్చింది. "మీరు చెప్పింది సరే" అన్నాను. ఆమె తల ఊపి, బ్యాగు సర్దుకుని, హాస్టల్ మెస్‌కి టైమైందని వెళ్లిపోయింది.

కీ వివాదాన్ని డైరెక్టర్ సార్ తనదైన పద్ధతిలో పరిష్కరించారు. ప్రశ్న తొలగించి, అందరికీ ఒక మార్కు కలిపారు. రెండు వర్గాలూ ఒక్కటై ధర్నా చేశాయి. అందరికీ వచ్చిన మార్కు ఎవరికీ రానట్టేనని వాళ్ల బాధ. అసలు పరీక్ష వచ్చేసరికి అందులో మెగ్నీషియం ఊసే లేదు. ఆ పరీక్షలో కిటికీ పక్కన ఆమెకు జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగానికి సరిపడా మార్కులు వచ్చాయి. నియామక ఉత్తర్వు మాత్రం చేతికి రాలేదు. ఎదురుచూస్తూ ఆమె అశోక్ నగర్‌లోనే ఉండిపోయింది.

మా ప్రయోగాలు కూడా ఎక్కువ రోజులు సాగలేదు. సిలబస్ వెనకబడుతోందని డైరెక్టర్ సార్ ఆపించారు. బ్యానర్ మాత్రం ఉంచారు. నేను ఆదివారం పొద్దున పూట చిక్కడపల్లిలో మా మేడ మీద చేద్దాం రమ్మన్నాను. నూట ఎనభై మందిలో తొమ్మిది మంది వచ్చారు, ఆమెతో కలిపి.

మూడో ఆదివారం మా ఇంటి ఓనరు గారు పైకొచ్చారు. రిటైరైన ఇంజినీరు, కింద వాటాలో ఉంటారు.

"మాస్టారూ, మేడ మీద యాసిడ్లు పోస్తున్నారటగా? ఈ మధ్యే సున్నం వేయించాను."

"పలచనిదేనండీ. పళ్లెంలో పెట్టే చేస్తున్నాం."

ఆయన వెళ్లలేదు. మేం ఏం చేస్తున్నామో నిలబడి చూశారు. మెగ్నీషియం అన్న మాట రెండుసార్లు విన్నాక కిందికి వెళ్లి, ఒక వంకర కడ్డీ పట్టుకుని మళ్లీ వచ్చారు. చెదలు తిన్న కర్రలా గుంటలు గుంటలుగా, ఒక చివర లోపలి సన్నటి తీగ మాత్రమే మిగిలి ఉంది.

"గీజర్లోది ఇది. మెకానిక్ ప్రతి ఏడాదీ వచ్చి, మెగ్నీషియం రాడ్ అరిగిపోయింది, మార్చాలి అంటాడు. నీళ్లలో రాడ్ అరగడమేమిటి, నన్ను మోసం చేస్తున్నాడని పోయిన ఏడాది తిట్టి పంపించేశాను. ఈ ఏడాది గీజర్ ట్యాంకే చిల్లు పడింది."

నేను నోరు తెరిచేలోపు ఆమె కడ్డీ చేతిలోకి తీసుకుంది. "బోరు నీళ్లా సార్?"

"బోరే."

"ఉప్పు నీళ్లు గదా సార్. వేడి ఒకటి, ఉప్పు ఒకటి. ఇనుప ట్యాంకును తినే బదులు నీళ్లు దీన్ని తింటయి. ఇది ఉన్నంతసేపు ట్యాంకుకు ఏం గాదు."

ఓనరు గారికి మాటలతో నమ్మకం కుదరలేదు. కింద నుంచి మరిగిన నీళ్లు తెప్పించి, అందులో ఆయన చేత్తోనే ఉప్పు వేయించి, గరుకు కాగితంతో రుద్దిన కడ్డీని ముంచాం. బుడగలు లేచాయి. ఆయన వంగి చాలాసేపు చూశారు. తరవాత ఫోన్ తీసి అక్కడే మెకానిక్‌కి చేశారు.

"బాబూ, నేను చిక్కడపల్లి నుంచి. పోయిన ఏడాది కోప్పడ్డాను కదా. నువ్వు చెప్పిందే నిజమయ్యా."

అవతల గొంతు మాకూ వినిపించింది. "గిప్పుడు ఎవరు జెప్పిన్రు సార్ మీకు?"

"మేడ మీద పరీక్షలు రాసే పిల్లలు."

పై ఆదివారం మెకానిక్ పాత రాడ్లు ఒక గోనెసంచిలో వేసుకుని తనంతట తనే వచ్చాడు. చర్య, సమీకరణం తనకేం తెలియవని ముందే చెప్పేశాడు. సంచి దులిపి రాడ్లను వరసగా నేల మీద పేర్చాడు. మంజీరా నల్లా నీళ్లు వచ్చే ఇంట్లోది మూడేళ్లయినా బొటనవేలంత లావుగా ఉంది. నారాయణగూడ బోరుది సగానికి పోయింది. అశోక్ నగర్ హాస్టల్‌ది ఎనిమిది నెలలకే తీగ తేలింది. ఒక్కోదాన్నీ చేత్తో తూచి, ఏ వీధి నీళ్లు ఎంత తొందరగా తింటాయో చెప్పుకుంటూ పోయాడు. మేం పది మందిమీ చుట్టూ కూర్చుని రాసుకున్నాం. ఓనరు గారు కుర్చీ వద్దని, సున్నం వేసిన పిట్టగోడకు ఆనుకుని నిలబడి విన్నారు.